పళ్లు జివ్వుమనేవాళ్లు తెల్లగా చేయించుకోవచ్చా?

క్యారీలో ఏ రెస్టారెంటుకు వెళ్లినా, కూర్చోగానే ఐస్ ముక్కలు వేసిన నీళ్ల గ్లాసు బల్ల మీద పెడతారు. ఒక్క గుక్క తాగగానే ఏదో ఒక పంట్లో సూది గుచ్చినట్టు అయిందా? ఆ బాధకు తెలుగులో ఒక చిన్న మాట ఉంది: జివ్వు. "పళ్లు జివ్వుమంటున్నాయి" అనండి చాలు, తెలుగు తెలిసిన డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది. నొప్పి వేరు, జివ్వు వేరు. నొప్పి వచ్చి కూర్చుంటుంది. జివ్వు వచ్చి వెళ్లిపోతుంది.

ఇంకో మాట కూడా గుర్తు చేసుకోండి. పచ్చి మామిడికాయ ముక్కలు ఎక్కువ తిన్నప్పుడు "పళ్లు పులిసిపోయాయి" అంటాం. డర్బన్‌లోనో, మారిషస్‌లోనో, ఫిజీలోనో మీ అవ్వ నోట ఈ మాట విని ఉంటారు. ఇన్నాళ్ల తర్వాత తెలుగు మళ్లీ కూడబలుక్కుంటున్న మీకు ఈ రెండు మాటలూ ఈ వ్యాసం పొడుగునా పనికొస్తాయి. 'పళ్లు' దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. తినేవీ పళ్లే, నమిలేవీ పళ్లే. నమిలేది ఒక్కటే అయితే 'పన్ను'. సర్కారుకు కట్టేది కూడా పన్నే. దేని గురించి మాట్లాడుతున్నారో పక్కనున్న మాటలే చెప్తాయి.

ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక, పిల్లల గ్రాడ్యుయేషన్ దగ్గర పడ్డాక, చాలామంది మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. ఫొటోల్లో పళ్లు పచ్చగా పడుతున్నాయి, తెల్లగా చేయించుకుంటే బాగుంటుంది, కానీ అసలే జివ్వుమనే పళ్లు, మందు పెడితే ఏమవుతుందో? కొందరు ఆ భయంతో నోరు మూసుకునే నవ్వుతారు. కొందరు భయం లేకుండా మందుల షాపులో దొరికిందల్లా కొనుక్కొచ్చి రుద్దుతారు. ఈ రెండో వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

చేయించుకోవచ్చు. కానీ తక్కువ ఘాటున్న మందుతో, నెమ్మదిగా, అంతకంటే ముందు పళ్లు ఎందుకు జివ్వుమంటున్నాయో కనుక్కుని చేయించుకోవాలి. ఈ నెమ్మది పద్ధతి లోకానికి తెలిసింది కూడా మన క్యారీ నుంచి కారులో అరగంట ప్రయాణమంత దూరంలోనే. ఆ కథ కాసేపట్లో చెప్తాను.

రుద్దితే ఎందుకు పచ్చబడతాయి?

పన్ను పైన ఒక పెంకు ఉంటుంది. దాని పేరు ఎనామిల్. ఒంట్లో అన్నిటికంటే గట్టిది అదే. కానీ అరిగిపోతే మళ్లీ పుట్టదు. దాని కింద ఉండేది డెంటిన్. డెంటిన్ రంగు సహజంగానే లేత పసుపు. ఎనామిల్ కొంచెం గాజులాంటిది, వెలుగును లోపలికి పోనిస్తుంది. అందుకే లోపలి పసుపు కొద్దిగా బయటికి కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ పలచబడుతుంది, డెంటిన్ మందమవుతుంది. అరవై దాటినవాళ్ల పళ్లు పచ్చగా ఉన్నాయంటే వాళ్లు శుభ్రంగా తోముకోవడం లేదని అర్థం కాదు.

డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలుంటాయి. ఆ గొట్టాల్లో నీరు ఉంటుంది. చల్లదనం, పులుపు, తీపి, ఒక్కోసారి గాలి తగిలినా ఆ నీరు చటుక్కున కదులుతుంది. ఆ కదలికే లోపలి నరానికి తెలుస్తుంది. అదే మన జివ్వు. మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ అనే స్వీడన్ దంతవైద్యుడు 1960లలో దీన్ని వివరించాడు. ఈనాటికీ డాక్టర్లు నమ్మేది ఆ వివరణనే.

ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. ఎనామిల్ అరిగితే పసుపు డెంటిన్ మరింత కనిపిస్తుంది. గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. అంటే పళ్లు పచ్చబడటం, జివ్వుమనడం రెండింటికీ చాలాసార్లు కారణం ఒకటే. తెల్లబడతాయని గట్టిగా రుద్దినకొద్దీ రెండూ ఎక్కువవుతాయి.

మన పెద్దలు ఓడ ఎక్కక ముందు బతికిన పల్లెల్లో పళ్లు తోముకోవడానికి వేపపుల్ల ఉండేది. కానుగ పుల్ల ఉండేది. పుల్ల లేనప్పుడు బొగ్గు, కచ్చిక, ఉప్పు, ఇటుక పొడి. కచ్చిక అంటే పిడక కాల్చిన బూడిద. వేపపుల్ల నమిలి కుంచెలా చేసి మెల్లగా తోముకుంటే నష్టం తక్కువ. ఇటుక పొడి మాత్రం పంటి మీద గరుకు కాగితమే. అది పాత కాలం సంగతి కదా అనుకోకండి. ఇవాళ క్యారీలో ఏ మందుల షాపుకు వెళ్లినా అదే బొగ్గు నల్లటి అందమైన గొట్టంలో పేస్టుగా అమ్ముతున్నారు. అవ్వ పొయ్యిలోంచి ఊరికే తీసుకున్నదానికి మనం డాలర్లు పోస్తున్నాం! పళ్లు జివ్వుమనేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

పంటి మీద మరక పడటం వేరు, పన్నే రంగు మారడం వేరు. టీ, కాఫీ, పసుపు, తమలపాకు, వక్క, పొగాకు పై మరకలు. పంటి మొదట్లో గట్టిగా పట్టే పచ్చటి పొరను తెలుగులో 'గార' అంటాం. పళ్లకు గార పట్టింది అన్నమాట మీరు వినే ఉంటారు. పై మరకలూ గారా శుభ్రం చేయిస్తే పోతాయి. కొందరికి ఆ శుభ్రంతోనే సరిపోతుంది, తెల్లబరిచే మందే అక్కర్లేదు. అందుకే మొదట క్లీనింగ్ చేయించుకుని, రెండు వారాలు ఆగి, అద్దంలో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

చాపెల్ హిల్ నుంచి వచ్చిన ట్రే

లోపలి రంగు తగ్గాలంటే మందు లోపలికి పోవాలి. ఆ మందు పెరాక్సైడ్. గాయాలు కడగడానికి గోధుమరంగు సీసాలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ మీకు తెలుసు. పళ్ల డాక్టర్లు వాడేది దాని చుట్టాన్ని, పేరు కార్బమైడ్ పెరాక్సైడ్. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌లోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. అది ఎనామిల్‌నీ డెంటిన్‌నీ దాటి, రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. రుద్దడం లేదు, అరగదీయడం లేదు.

1960ల చివర ఆర్కన్సాలోని ఫోర్ట్ స్మిత్‌లో బిల్ క్లుస్మైయర్ అనే ఆర్థోడాంటిస్ట్ ఉండేవాడు. వంకర పళ్లు సరిచేసే డాక్టరు. చిగుళ్లు వాచిన ఒక రోగికి, నోటి పుండ్లకు వాడే మందును ట్రేలో వేసి రాత్రి పెట్టుకోమన్నాడు. చిగుళ్లు తగ్గాయి. దాంతోపాటు పళ్లు తెల్లబడ్డాయి! ఆ మందు పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. ఈ సంగతి ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు నోటిమాటగా పాకి ఉత్తర కరోలినా చేరింది. చాపెల్ హిల్‌లోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం దంతవైద్య కళాశాలలో వాన్ హేవుడ్, హెరాల్డ్ హేమన్ అనే ఇద్దరు దాన్ని పరీక్షించి 1989లో ప్రచురించారు. ప్రపంచమంతా ఇవాళ ఇంట్లో ట్రే పెట్టుకుని పళ్లు తెల్లబరుచుకుంటోందంటే, దానికి శాస్త్రం వైపు నుంచి పునాది ఆ వ్యాసమే. హేవుడ్ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఒక పని మీద కూర్చున్నాడు: జివ్వు తగ్గించి తెల్లబరచడం ఎలా?

ఎందుకంటే పెరాక్సైడ్‌కు ఒక గుణం ఉంది. పెట్టిన పావుగంటలోపే అది పంటి లోపలి నరం దాకా చేరుతుంది. నరం కొంచెం చిరాకు పడుతుంది. మామూలు పళ్లున్నవాళ్లకు కూడా తెల్లబరిచే రోజుల్లో జివ్వుమనడం సాధారణమే. మందు ఆపితే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ముందే జివ్వుమనేవాళ్లకు అది ఎక్కువగా ఉండొచ్చు. మందు ఘాటు పెరిగినకొద్దీ ఈ జివ్వు పెరుగుతుంది.

డాక్టరు కుర్చీలో ఒక్క పూటలో చేసే పద్ధతిలో వాడేది ఇరవై అయిదు నుంచి నలభై శాతం దాకా ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్. చిగుళ్లు కాలకుండా వాటికి రక్షణ పూత వేస్తారు. కొన్నిచోట్ల నీలి దీపం కూడా పెడతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ దీపం వల్ల నిలిచే తెల్లదనం పెద్దగా పెరగదని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. పైగా లేచి అద్దంలో చూసుకున్నప్పుడు కనిపించే తెల్లదనంలో కొంత పళ్లు ఆరిపోయి కనిపించేది. తడి తిరిగి ఎక్కాక, ఒకటి రెండు వారాల్లో రంగు కొంచెం వెనక్కి వస్తుంది. రేపే పెళ్లి అనుకున్నవాళ్లకు అది చాలేమో. జివ్వుమనే పళ్లున్నవాళ్లకు నేను చెప్పేది మాత్రం ట్రే పద్ధతే.

మాల్‌లో చేయించుకుంటే తప్పేమిటి?

ఇది న్యాయంగా అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే డాక్టరు దగ్గర ట్రే చేయించుకుంటే వందల డాలర్లు అవుతుంది. ఇది అందం కోసం చేయించుకునేది కాబట్టి ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు. మన పక్క ఊరు మోరిస్‌విల్‌లో ఆఫీసు ఉన్న ఉత్తర కరోలినా దంతవైద్య బోర్డు పేరు ఈ ప్రశ్న మీదే దేశమంతా మారుమోగింది.

2003 ప్రాంతంలో రాష్ట్రంలోని మాల్స్‌లో, సెలూన్లలో డాక్టర్లు కానివాళ్లు తక్కువ ధరకు పళ్లు తెల్లగా చేయడం మొదలుపెట్టారు. దంతవైద్యులు బోర్డుకు ఫిర్యాదు చేశారు. 2006 నుంచి బోర్డు "ఇది లైసెన్సు లేని వైద్యం, ఆపండి" అని కనీసం 47 నోటీసులు పంపింది. మాల్ యజమానులకు కూడా ఉత్తరాలు రాసింది. ఆ వ్యాపారాలు మూతపడ్డాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో బోర్డు మీద కేసు పెట్టింది. వాదన సూటిగానే ఉంది: బోర్డులో ఎనిమిది మంది ఉంటే ఆరుగురు ప్రాక్టీసు చేస్తున్న డెంటిస్టులే, తమ పోటీదారులను తామే వెళ్లగొడుతున్నారు. 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం దగ్గరుండి పర్యవేక్షించకపోతే ఇలాంటి బోర్డుకు పోటీ చట్టం నుంచి మినహాయింపు లేదంది. ఫిర్యాదుల్లో రోగులకు హాని గురించి చెప్పినవి కొన్నే, తక్కువ ధరల గురించి బాధపడినవే ఎక్కువ అని కూడా తీర్పులో రాసింది.

మరి దీన్నిబట్టి మాల్ మంచిదనుకోవాలా? కోర్టు తేల్చింది పోటీ చట్టం గురించి, మీ పంటి గురించి కాదు. పుచ్చులేని, జివ్వులేని పాతికేళ్ల కుర్రాడు తక్కువ ఘాటు పట్టీలు షాపులో కొనుక్కుని వాడుకుంటే పెద్ద ప్రమాదమేమీ రాకపోవచ్చు. జివ్వుమనే పళ్లున్న మీ సంగతి వేరు. మీరు డబ్బు పెట్టి కొనేది జెల్ కాదు, జెల్ పెట్టే ముందు నోట్లోకి చూసే ఆ పది నిమిషాలు. దుకాణంలో అది దొరకదు.

డాక్టరు ఏం చూస్తారు?

మొదట అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. "చల్లటివి తాగితే జివ్వుమంటుందా, వేడివి తాగితేనా? ఎంతసేపు ఉంటుంది? ఒక పన్నేనా, అన్నీనా?" జవాబు తెలుగులో తయారు చేసుకుని వెళ్లండి. క్యారీలో, మోరిస్‌విల్‌లో తెలుగు మాట్లాడే దంతవైద్యులు ఉన్నారు, మీ తెలుగుకు అదొక మంచి పరీక్ష. చల్లటిది తగిలి క్షణంలో పోతే అది మామూలు జివ్వు. వేడికి మొదలై, గ్లాసు కింద పెట్టాక కూడా నిమిషాల తరబడి సలుపుతుంటే నరమే దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు తెల్లదనం మాట పక్కన పెట్టాలి. ఒకే ఒక్క పన్ను అయితే పుచ్చో, పగులో ఉందేమో ఎక్స్‌రే తీసి చూస్తారు. పుచ్చు పంటి కన్నంలోంచి పెరాక్సైడ్ నేరుగా లోపలికి పోతే ఆ రాత్రి నిద్ర ఉండదు.

చిగుళ్లు కిందికి జారి పంటి వేరు బయటపడిందేమో చూస్తారు. వేరు మీద ఎనామిల్ ఉండదు. అక్కడ జివ్వుమంటుంది, అక్కడ మందు పెట్టినా తెల్లబడదు. నిద్రలో పళ్లు పటపటా కొరికే అలవాటుందా అని అడుగుతారు. పాత ఫిల్లింగులు, క్యాపులు లెక్కపెడతారు. అవి తెల్లబడవు. చుట్టూ పళ్లు తెల్లబడి, ముందు పంటి క్యాపు ఒక్కటే పాత రంగులో మిగిలితే మళ్లీ దానికి ఖర్చు. గర్భిణులనైతే ఆగమంటారు.

ఓడలెక్కిన తెలుగువాళ్లలో చాలామందిది ఉత్తర కోస్తా. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు ఒకటి ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాన్ని 'అడ్డపొగ' అంటారు. అది అంగిలికి, అంటే నోటి పైకప్పుకు, క్యాన్సర్ తెస్తుంది. పొగాకు లేకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్క నమిలే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, పళ్ల ఎరుపు పోగొట్టమని అడగడానికి వెళ్లినప్పుడు బుగ్గల లోపల, నాలుక కింద, అంగిట్లో తెల్ల మచ్చలో ఎర్ర మచ్చలో ఉన్నాయేమో చూడమనండి. రంగు కంటే అది ముఖ్యం.

ఇండియా నుంచి ఈమధ్య వచ్చిన బంధువుల పళ్ల మీద సుద్దలాంటి తెల్ల చారలో, గోధుమ మచ్చలో చూసే ఉంటారు. అది ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు చిన్నప్పుడు తాగినందువల్ల వచ్చింది, ఫ్లోరోసిస్. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు దీన్ని నమోదు చేశారు. ఆ ఊళ్లు తర్వాత ఎక్కువగా ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. నల్గొండ పేరైతే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే స్థిరపడిపోయింది. ఈ గోధుమ మచ్చలు కూడా ట్రేతో వారాల తరబడి చేస్తే చాలావరకు తేలికపడతాయి. తెల్ల చారలు మాత్రం మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించి, తర్వాత చుట్టూ ఉన్న రంగు లేతబడ్డాక కలిసిపోతాయి. మొదటి వారం అద్దం చూసి కంగారు పడకండి. ఆ పళ్ల కోసం చిన్నప్పుడు బళ్లో మాటలు పడ్డవాళ్లకు ఈ ఓపిక మీరు నేర్పక్కర్లేదు.

సురేకారం వైద్యం

ఇక పని ఎలా మొదలవుతుందో చూద్దాం. మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచి, జివ్వుకు వాడే టూత్‌పేస్టుతో రోజూ రెండుసార్లు తోముకోమంటారు. దాని డబ్బా వెనక్కి తిప్పి చదవండి. అయిదు శాతం పొటాషియం నైట్రేట్ అని ఉంటుంది. మన భాషలో దాని పేరు సురేకారం. దీపావళి చిచ్చుబుడ్లో, మతాబాలో వేసేది ఇదే! బయట మంటను పెంచేది, పంట్లో మాత్రం నరాన్ని నెమ్మదింపజేస్తుంది. ఒక్కరోజులో పనిచేయదు, అందుకే రెండు వారాలు.

తర్వాత డాక్టరు మీ పళ్ల అచ్చు తీసి సరిగ్గా సరిపోయే పలచటి ట్రే చేయిస్తారు. షాపులో దొరికే అందరి ట్రే చిగుళ్ల మీదికి ఎక్కి జెల్‌ను చిగుళ్లకు పూస్తుంది. మీ ట్రే పంటి అంచు దగ్గరే ఆగుతుంది. జెల్ ఒక్కో పంటికి ఒక చుక్క చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ తెల్లబడదు, పొంగి చిగుళ్లను మండిస్తుంది.

జివ్వుమనేవాళ్లు రోజూ పెట్టుకోనక్కర్లేదు. రెండు రోజులకో, మూడు రోజులకో ఒకసారి మొదలుపెట్టండి. రాత్రంతా కాకుండా సాయంత్రం రెండు గంటలు పెట్టుకున్నా పని జరుగుతుంది. ఆ రెండు గంటలు గడిచాక కూడా జెల్‌లో సగానికి పైగా సత్తువ మిగిలే ఉంటుంది. మధ్యలో జివ్వుమంటే అదే ట్రేలో సురేకారం ఉన్న జెల్ పది నిమిషాల నుంచి అరగంట పెట్టుకోవచ్చు. హేవుడ్ బృందం చూపించిన ఉపాయమే ఇది. అయినా తగ్గకపోతే రెండు రోజులు ఆపేయండి, మళ్లీ మొదలుపెట్టండి. ఆపినందువల్ల అంతకుముందు వచ్చిన తెల్లదనం పోదు. మామూలు పసుపుకు రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మాత్రలు మింగి బూడిదరంగు చారలు పడ్డవాళ్లకు నెలలు పడుతుంది, ఆరు నెలలు కూడా కావచ్చు.

ఆ వారాల్లో చింతపండు పులుసు, నిమ్మకాయ ఊరగాయ, కోలాలు తగ్గించండి. రంగు పడుతుందని కాదు, పళ్లు పులిసిపోతాయని. పులుపు తిన్న వెంటనే బ్రష్ పట్టుకోకండి. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగండి. పులుపుకు మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ పడితే అరుగుతుంది. చుట్ట, సిగరెట్ అసలు వద్దు.

పెళ్లి కోసమే అయితే కనీసం రెండు నెలల ముందు డాక్టరును కలవండి. ఆఖరి వారం పంటికి విశ్రాంతి ఇవ్వండి. లేకపోతే విడిది ఇంట్లో కూల్‌డ్రింక్ అందించినప్పుడు పెళ్లికొడుకు ముఖం ఎలా పెడతాడో వీడియోలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఈ తెల్లదనం జీవితాంతం ఉండదు. ఏడాదికో, రెండేళ్లకో కొంచెం పసుపు తిరిగొస్తుంది. అప్పుడు మొదటిసారి పెట్టినంత ఖర్చు అక్కర్లేదు. అదే ట్రేలో కొన్ని రాత్రులు జెల్ పెట్టుకుంటే సరిపోతుంది, కాబట్టి ట్రే భద్రం. చల్లటి నీళ్లతో కడిగి డబ్బాలో పెట్టండి. వేడినీళ్లు తగిలినా, కరోలినా జూలై ఎండలో కారులో వదిలేసినా వంకరపోతుంది. ఇంట్లో కుక్క ఉంటే అందనంత ఎత్తులో పెట్టండి, ట్రే నమలడం వాటికి మహా ఇష్టం.